నాన్న కాలికి డాప్లర్ తీయించాం, అది వేరే డాప్లర్ అంటున్నారు

కొబ్బరాకు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నకు 67 ఏళ్ళు. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు. షుగర్ వచ్చి 19 ఏళ్ళయింది. కుడికాలి రెండో వేలికి చెప్పు ఒరుసుకుని చిన్న పుండు పడింది. ఐదు వారాలైనా మానలేదు సరికదా, వేలి కొస రంగు మారుతోంది. అక్కడి డాక్టరు గారు కాలికి డాప్లర్, అంటే రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగ్, చేయించమని చీటీ రాశారు. పట్నంలో ఒక స్కానింగ్ కేంద్రానికి వెళ్ళారు. అంతా బాగానే ఉందని రిపోర్టు వచ్చింది. హమ్మయ్య అనుకుని, కట్లు మార్చుకుంటూ మరో పది రోజులు గడిపేశాం.

నిన్న రాజమండ్రిలో ఇంకో సర్జన్ గారికి చూపించాం. ఆయన రిపోర్టు ఒకసారి చూసి పక్కన పెట్టి, "మీకు కావలసిన డాప్లర్ ఇది కాదమ్మా" అన్నారు. డబ్బు పోయిందని కాదు, పది రోజులు పోయాయని ఏడుపొస్తోంది. నేను హైదరాబాదులో ఉంటాను, అన్నీ ఫోన్లోనే నడుపుతున్నాను. డాప్లర్‌లో రకాలు ఉంటాయా? ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

తెల్లకోటు | సోమవారం, రాత్రి 9:40

ఉంటాయమ్మా. నేను రేడియాలజిస్టును, రోజూ చేసే పని ఇదే. రిపోర్టు పై వరుస చదవండి. 'వీనస్' అని ఉందా, 'ఆర్టీరియల్' అని ఉందా?

కొబ్బరాకు | సోమవారం, రాత్రి 9:44

వీనస్ అని ఉంది. లోతు సిరల్లో గడ్డ లేదని చివర్లో రాశారు.

తెల్లకోటు | సోమవారం, రాత్రి 10:05

అదే జరిగింది. డాప్లర్ అనేది యంత్రం చేసే పని పేరు, అంతే. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టాలు ధమనులు, వాటికి చేసేది ఆర్టీరియల్. వాడిన రక్తాన్ని పైకి తీసుకెళ్ళేవి సిరలు, వాటికి చేసేది వీనస్. యంత్రం ఒకటే, పడుకునే బల్ల ఒకటే, పూసే జిగురు కూడా ఒకటే. కానీ వెతికేది వేరు. సిరల పరీక్షలో రక్తం గడ్డకట్టిందా, వెనక్కి జారుతోందా అని చూస్తాం. ధమనుల పరీక్షలో దారి ఎక్కడ ఇరుకైంది, వేళ్ళ దాకా రక్తం అందుతోందా అని చూస్తాం. షుగరు మనిషికి వేలి పుండు మానకపోతే ముందు చూడవలసింది రెండోదే. మీ నాన్నగారి రిపోర్టు తప్పు కాకపోవచ్చు. అడిగిన ప్రశ్నకు సరిగ్గానే జవాబు చెప్పింది. ప్రశ్నే తప్పు.

వేలి రంగు మారుతోందన్నారు కాబట్టి ఈ చర్చ చూసుకుంటూ కూర్చోకండి. ఈ వారంలోనే ధమనుల డాప్లర్ అయిపోవాలి. ఈలోగా కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్లవారే వరకు ఆగకూడదు.

బడిపంతులు | మంగళవారం, ఉదయం 6:20

నా కథ కూడా వినండి. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పాను. పిక్కల మీద వానపాముల్లా లేచాయి. ఊళ్ళో అందరూ "నరాలు ఉబ్బాయి మాస్టారూ, నరాల డాక్టరుకు చూపించండి" అన్నారు. నేనూ శుద్ధ అమాయకుడిలా బోర్డు మీద 'నరాల వ్యాధి నిపుణులు' అని ఉన్న చోటికే వెళ్ళాను. రెండు గంటలు వరుసలో కూర్చున్నాక ఆయన నా లుంగీ మోకాలి దాకా ఎత్తించి చూసి నవ్వి, "మాస్టారూ, నేను మెదడు నుంచి వచ్చే నరాలు చూసేవాణ్ణి. ఇవి సిరలు. మీరు వెళ్ళవలసింది రక్తనాళాల సర్జన్ దగ్గరికి" అన్నారు. ఫీజు మాత్రం తీసుకోలేదు, మంచి మనిషి.

తెలుగు పాఠం చెప్పిన నాకే ఈ గతి పట్టింది.

తెల్లకోటు | మంగళవారం, ఉదయం 7:15

మాస్టారు అసలు కిటుకు పట్టుకున్నారు. మన ఇళ్ళలో 'నరం' అనే ఒక్క మాట నాలుగు పనులు చేస్తుంది. సూది గుచ్చేది నరానికే, తిమ్మిరి ఎక్కేది నరమే, పిక్క పట్టేస్తే నరం బిగిసింది, మెడ తిప్పితే నరం పట్టింది. ఇందులో మొదటిది సిర. రెండోది నిజమైన నరం. మిగతావి చాలాసార్లు కండరమో, దాన్ని ఎముకకు కట్టే తంత్రో. నా దగ్గరికి వచ్చినవాళ్ళు "నరాల స్కానింగ్" అంటే నేను చీటీ చూడకుండా ముట్టుకోను. చీటీలోనూ వట్టి 'డాప్లర్' అనే ఉంటే రాసిన డాక్టరుకు ఫోను చేస్తాను. అందరూ చేయరు. ఒక్కోసారి రోజుకు అరవై మంది వస్తారు, అదీ నిజమే.

కొబ్బరాకు | మంగళవారం, ఉదయం 8:02

మాస్టారి కథ చదివి అమ్మకు ఫోను చేశాను. ఆ రోజు కేంద్రంలో ఏమి జరిగిందో ఇప్పుడు తెలిసింది. చీటీలో "కుడికాలు డాప్లర్" అని మాత్రమే ఉంది. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నాన్నను "నరాలు ఉబ్బాయా తాతగారూ?" అని అడిగిందట. నాన్న "అవునమ్మా, రాత్రిళ్ళు నరాలు లాగేస్తున్నాయి" అన్నారట. ఆ అమ్మాయి 'వీనస్' అని టైపు కొట్టేసింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

సియాటిల్ చినుకు | మంగళవారం, ఉదయం 9:30

కొబ్బరాకు గారూ, మీరు ఒక్కరే కాదు. నేను అమెరికాలో రక్తనాళాల అల్ట్రాసౌండ్ టెక్నాలజిస్టుగా పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. పుట్టిల్లు నరసరావుపేట. మాటల గందరగోళం తెలుగుకే సొంతమనుకోకండి. ఇంగ్లీషులో ఇంకా ప్రమాదకరమైనది ఒకటుంది. తొడలో ఒక సిరను చాలాకాలం 'సూపర్‌ఫిషియల్ ఫిమోరల్ వీన్' అన్నారు. పేరు చూస్తే పైపైన ఉండేదనిపిస్తుంది. నిజానికి అది లోతు సిర. అందులో గడ్డ ఉందని రిపోర్టు వస్తే, పైపై సిరే కదా అని మందు మొదలుపెట్టని డాక్టర్లు కూడా ఉండేవారు. చివరకు ఆ పేరులోంచి 'సూపర్‌ఫిషియల్' తీసేశారు. అయినా పాత అలవాటుతో ఇప్పటికీ కొందరు అలాగే రాస్తారు. మీ రిపోర్టుల్లో ఆ మాట సిర గురించి కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి.

ఇంకో తేడా. ఇక్కడ పరీక్ష చేసేది మాలాంటి టెక్నాలజిస్టులు, రిపోర్టు మీద సంతకం డాక్టరుది. బల్ల మీద పడుకున్న మనిషి "ఏమైనా ఉందా?" అని అడిగితే మేము నోరు విప్పకూడదు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళకు ఇది చాలా కష్టం. మొన్న ఒక పెద్దావిడ తెలుగులో మాట్లాడానని సంతోషించి, ఏమీ చెప్పలేదని అలిగి వెళ్ళారు. అక్కడ మీకు రేడియాలజిస్టు స్వయంగా చేస్తారు, అడిగితే చెప్పగలరు. ఆ అవకాశం వదులుకోకండి.

కొబ్బరాకు | బుధవారం, సాయంత్రం 5:50

ఈ రోజు రాజమండ్రిలో సర్జన్ గారు ముందు చీలమండ దగ్గర బీపీ చూశారట. పెన్సిల్‌లాంటి చిన్న డాప్లర్ పెట్టి చప్పుడు వింటూ చూశారని తమ్ముడు చెప్పాడు. చేతి బీపీ 140, చీలమండ బీపీ 210. నిష్పత్తి 1.5 అని కాగితం మీద రాశారు. నేను వెతికితే 0.9 కంటే తక్కువ ఉంటేనే జబ్బు అని ఉంది. అంటే 1.5 మంచిదే కదా? మళ్ళీ ఎందుకు దిగులుగా మాట్లాడుతున్నారు?

తెల్లకోటు | బుధవారం, రాత్రి 8:30

కాదమ్మా, ఇక్కడే చాలామంది మోసపోతారు. మామూలు మనిషికి చీలమండ బీపీ చేతి బీపీతో సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. నిష్పత్తి 1.0 నుంచి 1.4 మధ్య ఉంటే సరే. 0.9 గానీ, అంతకు తక్కువ గానీ ఉంటే దారి ఇరుకైనట్టు. 0.4 కంటే తక్కువైతే పరిస్థితి తీవ్రం. మరి 1.4 దాటితే? రక్తం బ్రహ్మాండంగా పారుతోందని అర్థం కాదు.

సైకిల్ ట్యూబును వేళ్ళతో నొక్కితే అణుగుతుంది. అదే కొలత ఇనుప గొట్టాన్ని నొక్కండి, అణగదు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళకు ధమని గోడలో సున్నం పేరుకుంటుంది. బీపీ పట్టీని ఎంత బిగించినా ఆ గొట్టం మూసుకోదు, యంత్రం మీద అంకె మాత్రం పెరుగుతూ పోతుంది. 210 మీ నాన్నగారి రక్తపు వేగం చెప్పడం లేదు, గొట్టం గట్టిదనం చెబుతోంది. లోపల నీళ్ళు ఉన్నాయో లేవో గొట్టం గట్టిదనాన్ని బట్టి చెప్పలేం కదా.

కాలి వేలి ధమనుల్లో ఈ సున్నం అంతగా పట్టదు. అందుకని వేలికి చిన్న పట్టీ చుట్టి అక్కడి బీపీ చూస్తారు. వేలి నిష్పత్తి 0.7 కంటే తక్కువైతే తేడా ఉన్నట్టు. అది చేశారా?

కొబ్బరాకు | బుధవారం, రాత్రి 8:41

చేశారు. వేలిది 40 అని ఉంది. 40ని 140తో భాగిస్తే 0.29 వస్తోంది. ఇప్పుడు అర్థమైంది ఆయన ఎందుకు అలా మాట్లాడారో. డాప్లర్ రేపు పొద్దున్నే. నేను రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాను.

పాత నోట్సు | బుధవారం, రాత్రి 9:25

ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఊరుకోలేను. క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో, కదిలేవాటి నుంచి వచ్చే అల స్థాయి మారుతుందనే సంగతి చెప్పినప్పుడు రక్తం ఆయన ఊహలో లేదు, జంట నక్షత్రాల రంగు గురించి చెప్పాడు. 1845లో బైస్ బాలో అనే డచ్చి శాస్త్రవేత్త కదిలే రైలు మీద బాకాలు ఊదేవాళ్ళను ఎక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్ళను నిలబెట్టి పరీక్షించాడు. దగ్గరికి వచ్చే బాకా కాస్త పైస్థాయిలో, దూరమయ్యేది కిందిస్థాయిలో వినిపించింది. మీ కాలిలో బాకా ఊదేది ఎర్ర రక్తకణం.

చిన్న లెక్క చెబుతాను. 5 మెగాహెర్ట్జ్ శబ్దాన్ని 60 డిగ్రీల వాలులో పంపితే, సెకనుకు 50 సెం.మీ. వేగంతో పారే రక్తం నుంచి తిరిగొచ్చే దానిలో తేడా సుమారు 1,600 హెర్ట్జ్. పంపే శబ్దం మన చెవికి వినబడదు, కానీ ఈ తేడా హాయిగా వినబడుతుంది. ఆ గదిలో మీరు వినే 'హుష్ హుష్' అదే. అన్నట్టు, శబ్దాన్ని రక్తానికి సరిగ్గా అడ్డంగా 90 డిగ్రీల్లో పంపితే తేడా సున్న. డాక్టరు ఆ పరికరాన్ని అటూ ఇటూ వాల్చుతూ ఉండేది మీ చర్మం మీద ముగ్గు వేయడానికి కాదు.

బడిపంతులు | బుధవారం, రాత్రి 9:33

నోట్సు గారూ, ఆ అమ్మాయి రాత్రి బస్సులో ఉంది. రైలు దించండి.

వేపచెట్టు | బుధవారం, రాత్రి 10:38

కొత్తగా చేరాను, అడ్డు వస్తున్నందుకు క్షమించండి. మా చెల్లెలికి ఎనిమిదో నెల. కరీంనగర్‌లో ఉంది. రెండు రోజులుగా ఎడమ కాలు ఒక్కటే తొడ దాకా వాచింది, నొప్పిగా ఉందంటోంది. కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళు వాయడం మామూలే అని అత్తగారు నువ్వులనూనె రాసి మర్దన చేస్తున్నారు. డాప్లర్ అవసరమా? స్కానింగ్ వల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా?

తెల్లకోటు | బుధవారం, రాత్రి 10:42

మర్దన ఆపించండి, ఇప్పుడే. ఫోను చేసి చెప్పాక మిగతాది చదవండి.

రెండు కాళ్ళూ సమానంగా వాయడం వేరు, ఒక్క కాలే తొడ దాకా వాయడం వేరు. గర్భిణులకు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పైగా కడుపులో ఎడమ కాలి సిర మీదుగా కుడికాలి ధమని దాటుతుంది. గర్భసంచి బరువు కూడా పడితే ఆ సిర నలుగుతుంది. అందుకే గర్భిణుల్లో ఈ గడ్డలు ఎక్కువగా ఎడమ కాలిలోనే కనిపిస్తాయి. గడ్డ ఉందో లేదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, పరీక్షే చెప్పాలి. గడ్డ ఉన్న కాలిని పిసికితే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, వీటిలో ఏది ఉన్నా అంబులెన్సు పిలవండి. ఏమీ లేకపోయినా ఈ రాత్రే ప్రసూతి ఆసుపత్రిలో చూపించండి.

అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బిడ్డకు చేసే స్కానింగ్ కూడా ఇదే యంత్రంతోనే కదా.

సియాటిల్ చినుకు | బుధవారం, రాత్రి 10:55

వేపచెట్టు గారూ, మీ చెల్లెలు భయపడకుండా ఏమి చేస్తారో చెబుతాను, ఆమెకు చదివి వినిపించండి. సూది ఉండదు. గజ్జ నుంచి మొదలుపెట్టి మోకాలి వెనక దాకా, ఆపైన పిక్క మీద, రెండు సెంటీమీటర్లకు ఒకసారి పరికరంతో మెల్లగా నొక్కుతూ దిగుతారు. తెర మీద రెండు నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. నొక్కగానే సిర కళ్ళు మూసుకున్నట్టు అణిగిపోతుంది, ధమని అలాగే ఉంటుంది. సిర అణగలేదంటే లోపల ఏదో అడ్డం ఉన్నట్టు. కొన్నిసార్లు పిక్కను చిన్నగా పిండి రక్తం పైకి పరుగెత్తుతోందా అని వింటారు. వెల్లకిలా పడుకోలేకపోతే కాస్త పక్కకు ఒత్తిగిల్లి పడుకుంటానని చెప్పమనండి, ఎవరూ కాదనరు.

వేపచెట్టు | గురువారం, తెల్లవారుజామున 3:50

తొడ సిరలో గడ్డ ఉందట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బిడ్డ గుండె చప్పుడు బాగుందన్నారు. ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. కాలి స్కానింగ్‌కు కూడా ఆధారు కార్డు అడిగి, ఫారం-ఎఫ్ అని ఏదో నింపించి సంతకం పెట్టించారు. గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదని బోర్డు. ఆ హడావుడిలో మా బావ వాళ్ళతో గొడవ పెట్టుకోబోయాడు.

తెల్లకోటు | గురువారం, ఉదయం 6:40

చాలా సంతోషం. మంచి పని చేశారు. ఆ ఫారం 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద నింపేది. మా దగ్గర కూడా గర్భిణి ఏ స్కానింగ్‌కు వచ్చినా నింపుతాం. బావగారిని శాంతించమనండి. గర్భం ఉన్నన్నాళ్ళూ, కాన్పు తర్వాత కొన్ని వారాలూ ఇంజెక్షన్లు తప్పవు. రేపు వేరే డాక్టరుకు చూపించినా ఆ రిపోర్టు వెంట ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వేసే వార్ఫరిన్ మాత్రలు మాత్రం గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు, ఎవరి ఇంట్లోనో మిగిలినవి తెచ్చి వేయకండి.

కవిటి కెరటం | గురువారం, మధ్యాహ్నం 1:15

మాది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి చూపించండి. మా అన్నయ్యకు డయాలసిస్ తప్పదన్నారు. ముందు చేతికి డాప్లర్ రాశారు. జబ్బు నడుములో ఉంటే చేతికి స్కానింగ్ ఏమిటని మా వదిన అడిగింది. నాకూ తెలియదు కాబట్టి ఆవిడ మీద విసుక్కున్నాను.

తర్వాత తెలిసింది. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి కుడతారు, ఫిస్టులా అంటారు. అందుకు పనికొచ్చే సిర ఎక్కడుందో ముందు పటం గీసుకోవాలి. జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, మణికట్టు నుంచి భుజం దాకా గుర్తులు పెడుతూ పోయారు. సిర కనీసం 2.5 మి.మీ., ధమని 2 మి.మీ. ఉండాలట. అన్నయ్యది ఎడమ చేతిలో సరిపోయింది. ఇక ఆ చేతికి సూది వద్దు, సెలైన్ వద్దు, బీపీ పట్టీ కూడా వద్దని చెప్పారు. ఆసుపత్రిలో నర్సమ్మ ఎడమ చెయ్యి అందుకోబోయినప్పుడల్లా మా వదిన పులిలా లేస్తుంది.

కుట్టిన ఆరు వారాలకు మళ్ళీ డాప్లర్. నిమిషానికి 600 మి.లీ. రక్తం పారాలి, సిర 6 మి.మీ. లావు కావాలి, చర్మం కింద 6 మి.మీ. కంటే లోతున ఉండకూడదు. అన్నీ ఆరులే, గుర్తుపెట్టుకోవడం తేలిక. చెయ్యి మీద వేలు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు ఉంటుంది. రోజూ పొద్దున లేవగానే అన్నయ్య ఆ గుర్రు చూసుకుంటాడు. అది ఆగితే అదే రోజు పరుగెత్తాలి.

సగం చక్కెర | గురువారం, సాయంత్రం 4:05

పనిలో పని. నాకు 41, ఏ బాధా లేదు. పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో మెడ రక్తనాళాల డాప్లర్ కూడా ఉందని ఊరిస్తున్నారు. చేయించుకోనా?

తెల్లకోటు | గురువారం, సాయంత్రం 6:10

పక్షవాతం లక్షణాలు వచ్చి తగ్గినవాళ్ళకు, ఒక కంట్లో కాసేపు చూపు పోయి తిరిగొచ్చినవాళ్ళకు, అది ప్రాణం కాపాడే పరీక్ష. ఏ లక్షణమూ లేని మామూలు మనిషికి ఊరికే చేయవద్దని అమెరికాలో నివారణ పరీక్షలపై సలహా ఇచ్చే నిపుణుల బృందం కూడా స్పష్టంగా చెప్పింది. చేస్తే ఏదో చిన్న ఇరుకు కనిపిస్తుంది, దాని వెంట ఇంకో పరీక్ష, దాని వెంట నిద్ర లేని రాత్రులు. ఆ డబ్బుతో మంచి బీపీ యంత్రం కొనుక్కోండి. నా వృత్తివాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

బడిపంతులు | గురువారం, రాత్రి 7:30

డాక్టరు గారూ, నన్ను మరచిపోయారు. నా ఉబ్బుసిరల పరీక్ష శనివారం. నిలబడి చేస్తామన్నారు. మోకాళ్ళ నొప్పి, పడుకుని చేయరా?

తెల్లకోటు | గురువారం, రాత్రి 8:00

నిలబడాలి మాస్టారూ. సిరల్లో రక్తాన్ని కిందికి జారనివ్వకుండా చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. అవి చెడ్డాయో లేదో నిలబడితేనే బయటపడుతుంది. పిక్క పిండి వదులుతారు. పైకి వెళ్ళిన రక్తం మళ్ళీ కిందికి అర సెకను కంటే ఎక్కువసేపు జారితే పైసిరల్లో కవాటం పనిచేయనట్టు. మరీ కష్టమైతే బల్లను ఏటవాలుగా పెట్టమని అడగండి. బిగుతు మేజోళ్ళు ఆ రోజు వేసుకోకండి. పరగడుపున ఉండనక్కర్లేదు, ఇడ్లీ తిని వెళ్ళండి. పస్తు ఉండవలసింది పొట్టలోని రక్తనాళాలకు చేసేటప్పుడే, అక్కడ గాలి అడ్డం వస్తుంది కాబట్టి.

కొబ్బరాకు | శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను. నిన్న పొద్దున నాన్న పక్కనే ఉన్నాను. ఈసారి చీటీలో 'రెండు కాళ్ళు, ధమనులు, షుగరు పుండు' అని సర్జన్ గారి చేతనే రాయించాను. కౌంటరులో ఒక కాలికో ధర, రెండింటికో ధర. ఎడమది బాగానే ఉందిగా అని నాన్న కుడికాలికే కట్టించారు. నేను టీ తేవడానికి వెళ్ళిన అయిదు నిమిషాల్లో ఆ పని చేశారు.

గది చీకటిగా, చల్లగా ఉంది. గజ్జ దగ్గర పరికరం పెట్టగానే పెద్ద చప్పుడు, కొరడా ఝళిపించినట్టు. తెర మీద కొండలాంటి గీత లేచి, కిందికి దిగి, మళ్ళీ చిన్న గుట్ట. మంచి ధమని మూడు అంగల్లో నడుస్తుందని డాక్టరు గారు చూపించారు. ఎరుపు, నీలం రంగులు చూసి ఎరుపు మంచి రక్తమా అని అడిగాను. కాదట, రక్తం పరికరం వైపు వస్తోందా, దూరం పోతోందా అన్నదే రంగు. పరికరాన్ని అటు తిప్పగానే ఎరుపు నీలమైంది. మోకాలి వెనక చప్పుడు కాస్త మెత్తబడింది. పిక్క మధ్యకు వచ్చేసరికి ముందువైపు ధమనిలో చప్పుడే లేదు. ఆయన పరికరాన్ని వెనక్కీ ముందుకూ జరుపుతున్నారు, నాన్న పైకప్పు చూస్తున్నారు. పాదం మీద మాత్రం ఎక్కడి నుంచో సన్నగా, ఈలలాగా వినిపించింది. గీతలో కొండ లేదు, ఒకే ఒక్క పల్లపు దిబ్బ. నాకు రిపోర్టు చదవనవసరం లేకపోయింది.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7 ఉంది కాబట్టి యాంజియోగ్రామ్ రంగుమందు వీలైనంత తక్కువ వాడతామన్నారు. ఎక్కడ మూసుకుపోయిందో డాప్లర్ ముందే చెప్పినందువల్ల వెతుకులాట తగ్గుతుందట. సోమవారం బెలూన్ వేస్తారు.

సియాటిల్ చినుకు | శనివారం, ఉదయం 7:10

మీరు చెవితో విన్నది సరిగ్గా విన్నారు. నేను పని చేసే ఊళ్ళోనే, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, యూజీన్ స్ట్రాండ్‌నెస్ అనే సర్జన్, డొనాల్డ్ బేకర్ అనే ఇంజినీరు 1970లలో బొమ్మనూ చప్పుడునూ ఒకే యంత్రంలోకి తెచ్చారు. అంతకుముందు చప్పుడు ఒక్కటే ఆధారం. కొత్తగా చేరినవాళ్ళకు నేను ఇప్పటికీ తెర ఆపి, ముందు వినమంటాను.

సోమవారం మీ నాన్నగారి గురించి ఎదురు చూస్తుంటాను.

కొబ్బరాకు | తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 8:15

ముందువైపు ధమని తెరుచుకుంది. రెండో వేలు దక్కలేదు, మొన్న తీసేశారు. మిగతా పాదానికి ఢోకా లేదని, కోసిన చోట ఎర్రగా మంచి కండ వస్తోందని చెప్పారు. ఈ రోజు ఇంటికి పంపే ముందు మళ్ళీ డాప్లర్ చేశారు. పాదం మీద పరికరం పెట్టగానే ఆ కొరడా చప్పుడు వచ్చింది. పెద్దగా కాదు, కానీ వచ్చింది. నాన్న తల ఎత్తి, "డాక్టరు గారూ, ఇంకొంచెం పెద్దగా పెట్టండి, మా ఆవిడకు వినబడాలి" అన్నారు. అమ్మ తలుపు బయట ఉంది. ఆయన నిజంగానే చప్పుడు పెంచారు.

బడిపంతులు | అదే రోజు, రాత్రి 8:22

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండమ్మా. నాకు రెండు కాళ్ళలోనూ కవాటాలు పోయాయట, లేజర్ అంటున్నారు. అది వేరే చర్చ పెడతాను.

తెల్లకోటు | అదే రోజు, రాత్రి 8:50

చాలా మంచి వార్త. ఒక్కటి అడుగుతాను, ఆ తర్వాతైనా ఎడమ కాలు చూశారా?

కొబ్బరాకు | అదే రోజు, రాత్రి 8:53

లేదు. ఎవరికీ గుర్తు రాలేదు. పొద్దున తొమ్మిదింటికి ఫోను చేసి ఎడమదానికి సమయం తీసుకుంటాను. ఈసారి టీకి వెళ్ళను.